అంగి పాతిన సినిమా

మా బిడ్డ పనిచేసే ఆఫీసులో నెలకో శనివారం సాయంత్రం సినిమా వేస్తారు. మామూలు సినిమా కాదు. మామూలు సినిమా అయితే చూసి, బయటికొచ్చి, బిర్యానీ తిని పడుకుంటాం. వీళ్లు సినిమా అయిపోయాక కుర్చీలు గుండ్రంగా వేసుకుని దాని అర్థం వెతుకుతారు. జాతరలో పోయిన చెవి కమ్మను వెతికినట్టు వెతుకుతారు. ఒకరికి దొరికితే ఇంకొకరు "అది కమ్మ కాదు, గుండీ" అంటారు.

"డాడీ, ఎన్నిసార్లు కింద కార్లనే కూర్చుంటవ్, ఈసారి పైకి రా" అంది బిడ్డ.

నేను క్యాబ్ నడుపుతాను. ఏడో తరగతిలో బడికి సెలవు పెట్టాను, ఆ సెలవు ఇంకా నడుస్తూనే ఉంది. మాదాపూర్‌లో ఉన్న అద్దాల మేడలన్నిటి గేట్లూ నాకు తెలుసు, ఏ గేటు దగ్గర ఏ సెక్యూరిటీ అతను ఎంత గట్టిగా విజిల్ వేస్తాడో కూడా తెలుసు. లోపలికి పోవడం మాత్రం అదే మొదలు. మెడలో ఒక కార్డు వేశారు. పెళ్లి పీటల మీద కూడా నేను అంత బుద్ధిగా కూర్చోలేదు.

దీపాలు ఆరిపోయాయి. తెర మీద సముద్రం, నలుపు తెలుపులో. గట్టు నిండా రాళ్లు, రాళ్ల మధ్య ఒక ఇల్లు, ఇంటి ముందు ఒక ఆడమనిషి చేపకు పొలుసు తీస్తోంది. గాలి తప్ప చప్పుడు లేదు. ఎవరో పిలిచినట్టు ఆమె తల తిప్పింది.

ఆ ముఖం నాకు తెలుసు. నేను చిన్నప్పుడు మా ఊరి బడి గోడ మీద చూసిన ముఖం.

ఆ తరువాత నేను సినిమా చూడలేదు, కాపలా కాశాను. తరువాత ఏం రావాలో నాకు తెలుసు కదా. కానీ రావలసింది రాలేదు. తరువాతిది ముందు వచ్చింది, ముందుది తరువాత వచ్చింది. దీపాలు వెలిగాక కళ్లజోడు పిల్లవాడొకడు మర్యాదగా అడిగాడు, "అంకుల్, మీకేమనిపించింది?"

"వరుస తప్పేసిండ్రు" అన్నాను. "వానికి దినం జేసినంక వాడు ఇంటికొస్తడు. మీరు ముందుగాల్నే తెచ్చిండ్రు."

అందరూ నవ్వారు. నేను జోకు వేశానని అనుకున్నారు. జోకులేస్తాడని నాకున్న పేరు అక్కడికి కూడా పాకినట్టుంది. బిడ్డ మాత్రం నా ముఖం చూసి దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది. "డాడీ, ఇది రీలు డబ్బాల్లో రాదు. మొత్తం ఒక్కటే ఫైలు. ముందుది వెనక వేసుడు కుదరదు."

ఒక్కటే ఫైలు. అంటే వీళ్ల వరుసే సరైనది. అంటే మా ఊళ్లో వేసిందే తప్పు.

నాకు డబ్బాలు గుర్తొచ్చాయి. డబ్బాల మీద సుద్దముక్కతో వేసిన అంకెలు గుర్తొచ్చాయి. ఆ తప్పు వరుసను నమ్ముకుని మా మేనత్త బతుకంతా బతికింది. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటుంది. ఇంకో గంటలో తలుపు తీసి, ఏం సినిమా అని అడుగుతుంది.

*

మాది గోపన్‌పల్లి. అప్పుడది ఊరే. యూనివర్సిటీ గోడకు అవతల సీతాఫలం చెట్లూ నెమళ్లూ చదువుకునే పిల్లలూ ఉండేవారు, గోడకు ఇవతల గుండ్రాళ్లూ గొర్లూ మేమూ. ఎండాకాలం మధ్యాహ్నం ఆ గుండ్ల మీద జారుడుబండ ఆడి లాగుల వెనక కిటికీలు తెరుచుకునేవాళ్లం. ఇప్పుడా గుండ్లు పేల్చిన చోట లేచిన అపార్టుమెంట్లకు నోరు తిరగని పేర్లున్నాయి. అందులో ఒక దాంట్లో వెనక బ్లాకులో మేం ఉంటాం. లిఫ్టు ఎక్కినప్పుడల్లా ఇక్కడే ఎక్కడో గాల్లో మా గొర్లు మేసి ఉంటాయనిపిస్తుంది.

మేనత్తను పక్క సందులోనే ఇచ్చారు. ఆమె పెనిమిటి, అంటే మా మామ, బోరింగు లారీ మీద పనిచేసేవాడు. బోర్లు వేయడానికి లారీతో పాటు మహారాష్ట్ర దాకా పోయేవాడు. వచ్చినప్పుడు ఒంటి నిండా గ్రీజు వాసన, జేబు నిండా నారింజ బిళ్లలు. నా చెవి పట్టుకుని "ఇక్కడ బోరేస్తే నీళ్లు వడతయారా?" అనేవాడు. "మెదడు వడతది" అనేవాణ్ని నేను. "లేని కాడ ఎట్ల వడతదిరా" అనేవాడు. నాకు వెటకారం నేర్పిన గురువు ఆయనే.

ఒక వానాకాలం లారీ వాగు దాటుతూ కొట్టుకుపోయిందని కబురొచ్చింది. తోటివాళ్ల పీనుగులు దొరికాయి. మామది దొరకలేదు. మా బాపూ, మామ అన్న పెద్దమామా పోయి ఆ వాగు గట్లన్నీ తిరిగి వచ్చారు. లారీ తలుపొకటి చూశారట, అంతే.

అందరూ ఏడ్చారు. అత్త ఏడవలేదు. ఆ సాయంత్రం కూడా జొన్నరొట్టె ఒకటి ఎక్కువ చేసింది. మరునాడూ చేసింది. రోజూ చేసింది. పొద్దున దాకా ఉట్టి మీద ఉండి గట్టిపడిన ఆ రొట్టెను మజ్జిగలో విరిచి, ఉల్లిగడ్డ కొట్టి, నాకు పెట్టేది. ఆ ఏడాది నేను లావయ్యాను. మామ తినవలసిన రొట్టెలన్నీ నేనే తిన్నాను మరి.

అత్తకు అత్త ఒకామె ఉండేది. నేను అవ్వ అని పిలిచేవాణ్ని. అవ్వకు నిద్ర పట్టేది కాదు. కన్ను మూస్తే కొడుకు వచ్చి నీళ్లడుగుతున్నాడట. లేచి చెంబెడు నీళ్లు గడప ముందు పోసేది. మళ్లీ పడుకుంటే మళ్లీ అడిగేవాడు. ఆ ఇంటి ముందు మట్టి ఎప్పుడూ తడిగానే ఉండేది. మనిషి ఎండిపోతూ వచ్చింది.

పెద్దమామ పోయి అయ్యగారిని అడిగాడు. పీనుగు దొరకనివాళ్లకు గడ్డితో బొమ్మ కట్టి, ఆ మనిషి తొడుక్కున్న అంగి దానికి తొడిగి, కాల్చి, దినాలు చేయాలని ఆయన చెప్పాడు. అప్పుడే ఆ జీవానికి దాహం తీరుతుందట. అమావాస్యకు పెట్టుకున్నారు. ఆ తరువాత ఏం చేస్తారో నాకు ఎవరూ చెప్పలేదు కానీ, అరుగు మీద ఆడవాళ్లు మాట్లాడుకుంటూ అత్త చేతుల వైపు చూసేవాళ్లు. ఆమె గాజుల వైపు.

అంగి ఒక్కటే ఉంది. మిగిలినవన్నీ మామతోనే పోయాయి. అది మోచేయి దగ్గర చిరిగిందని, అతుకు వేస్తానని, పోయేటప్పుడు అత్తే ఆపుకుంది. నీలం గళ్ల అంగి.

పెద్దమామ చెడ్డవాడు కాదు. తల్లి కళ్ల ముందు అరిగిపోతుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు. వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"అంగి ఇయ్యమ్మా."

"లేదు బావా. ఎలుకలు కొట్టినయ్."

"కొట్టిందే ఇయ్యి."

"పారేసిన."

"ఎక్కడ పారేసినవో చెప్పు, నేను ఏరుకొస్త."

అత్త రొట్టె తట్టడం ఆపలేదు. పిండి మీద ఆమె అరచేతి దెబ్బ ఇల్లంతా వినిపిస్తోంది. పెద్దమామ గొంతు తగ్గించాడు. "అమాస దాక ఆగుత. నువ్వు ఇయ్యకున్నా బొమ్మ మాత్రం కాలుతది. నా కండువ కప్పయినా కాలుస్త. అమ్మను గిట్ల చూడలేకపోతున్న."

అంగి ఎక్కడుందో నాకు తెలుసు. జొన్నల గుమ్మిలో అత్త బెల్లం దాచేది. నేను ఆ బెల్లం కోసం చేయి పెడితే ముందు గుడ్డ తగిలింది. లాగితే నీలం చేయి వచ్చింది, గింజల్లో మునిగినవాడు పైకి చేయి ఎత్తినట్టు. నేను కెవ్వుమన్నాను. అత్త వచ్చి చూసి, ఆ చేతిని మళ్లీ జొన్నల్లోకి తోసి, బెల్లం ముక్క నా నోట్లో పెట్టింది. "ఇగ ఈ నోట్ల నుంచి మాట రావద్దు" అంది. బెల్లం పెద్దది. రావాలన్నా రాదు.

*

అమావాస్య దగ్గరికొచ్చిన రోజుల్లోనే యూనివర్సిటీ పిల్లలు జీపులో వచ్చారు. ఊరివాళ్లకు మంచి సినిమా చూపిస్తారట, పొద్దుగూకగానే బడి దగ్గరికి రమ్మన్నారు. బడి గోడకు సున్నం కొట్టించారు. ఆ గోడ సున్నం చూడటం అదే మొదటిసారి కావడంతో సినిమా లేకపోయినా చూడటానికి జనం వచ్చేవాళ్లే.

పల్లీలు వేయించుకుని, మక్కకంకులు కాల్చుకుని, చాపలు చంకన పెట్టుకుని ఊరంతా కూర్చుంది. దేవుడి సినిమా అని ఆడవాళ్లు, కొట్లాట సినిమా అని మగవాళ్లు ఆశపడ్డారు. అత్త అవ్వను చేయి పట్టి తీసుకొచ్చింది. ఇంట్లో కూర్చుంటే కళ్లు మూతపడతాయి, మూతపడితే కల వస్తుంది, అందుకని. వాళ్లకు కొంచెం వెనక పెద్దమామ, ఆయన పక్కన మా బాపు. బాపు ఆ రోజుల్లో అన్ని చోట్లా తల వంచుకునే కూర్చునేవాడు. చెల్లెలి తరఫున మాట్లాడితే ముసలామె గోస తగులుతుంది, ముసలామె తరఫున మాట్లాడితే చెల్లెలి గాజులు పోతాయి.

ఆ పిల్లల్లో ఒకడు మైకు లేకుండానే మాట్లాడాడు. కోస్తా వైపు నుంచి చదువుకోవడానికి వచ్చినవాడు, మాట తియ్యగా సాగదీసేవాడు.

"ఇది చాలా గొప్ప విదేశీ సినిమా అండి. ఇందులో పాటలుండవు, ఫైట్లుండవు. దీని అర్థం ఇదీ అని మేం చెప్పమండి. ఎవరి అర్థం వాళ్లే తెచ్చుకోవాలండి."

మా మంగలి తాత లేచి చేతులు జోడించాడు. "సారూ, చాపలు తెచ్చుకోమంటే తెచ్చుకున్నం. పల్లీలు తెచ్చుకున్నం. అర్థం గూడ మేమే తెచ్చుకుంటే, మీరు తెచ్చిందేంది మరి?"

మిషను నడిపేది పాతబస్తీ నుంచి వచ్చిన ఒక ముసలి చాచా. నేను ఆయన దగ్గర్లో కూర్చున్నాను. సినిమా కన్నా మిషను నచ్చింది నాకు. వేడెక్కిన నూనె వాసన, దుమ్ము కాలుతున్న వాసన, చాచా నోట్లో పాన్ వాసన. ఆయన పక్కన రేకు డబ్బాలు మూడు, ఒకదాని మీద ఒకటి. మూతల మీద సుద్దతో ఉర్దూ అంకెలు వేసుకున్నాడు. ఆయన జీవితమంతా సినిమాలు వేశాడు కానీ చూసినట్టు లేదు. కళ్లజోడు నొసటికి ఎత్తి, గోడ వైపు వీపు పెట్టి, మిషను చప్పుడు వింటూ కూర్చున్నాడు.

మొదటి డబ్బా తిరిగింది. నీళ్లు. గోడ నిండా నీళ్లు.

"ఎవని చెరువే ఇది, గింత పెద్దగున్నది?"

"చెరువు కాదు, సముద్రం."

"అవతలి కట్ట కనవడ్తలేదే?"

ఆమె చేప కోసింది. ఆయన వల బాగు చేశాడు. ఇద్దరూ మాట్లాడుకోరు. "కొట్లాడుకున్నట్టుండ్రు" అని వెనక ఎవరో. చివరికి ఆయన పడవ ఎక్కి పోయాడు. ఆమె గట్టున నిలబడి, పడవ చుక్క అయ్యేదాకా చూసింది. డబ్బా అయిపోయింది.

చాచా చీకట్లోనే రెండో డబ్బా కోసం చేయి చాపాడు. "బేటా, దో నంబర్ డబ్బా దేవో."

కోస్తా అబ్బాయి మిగిలిన రెండు డబ్బాలూ తీసుకుని మిషను బల్బు వెలుతురుకు పెట్టి ఒకసారి దాన్నీ, ఒకసారి దీన్నీ చూశాడు. నవ్వాడు. ఒకటి ఇచ్చాడు. చాచా అంకె చూడకుండానే ఎక్కించాడు.

బడి మానేశాక నేను ఒక మెకానిక్ షెడ్డులో చేరాను. అక్కడి ఉస్తాదు చక్రాల మీద ఉర్దూ అంకెలే వేసేవాడు. అట్లా నాకు అవి వచ్చాయి. రెండు అంటే నిలువు గీత మీద ఒక కొంకి. మూడు అంటే అదే గీత, ఒక కొంకి ఎక్కువ. ఒక్క పంటి తేడా. ఆ రోజు నాకది తెలియదు. ఆ అబ్బాయికీ తెలియదు.

గోడ మీద ఆయన మళ్లీ పడవ ఎక్కుతున్నాడు.

"ఇంతకు ముందే పోయె గదరా? మళ్ల పోతుండేంది?"

"ఏమన్న మర్చిపోయిండేమో."

గాలివాన వచ్చింది. పడవ బోర్లా తేలింది. మనిషి లేడు. నవ్వులు ఆగిపోయాయి. ఊళ్లోవాళ్లంతా నల్లబట్టలు వేసుకుని వచ్చారు. ఒక పెట్టె తెచ్చారు. పెట్టెలో పీనుగు లేదు. ఆమె ఇంట్లోకి పోయి ఒక అంగి తెచ్చింది. మోచేతికి అతుకు వేసిన అంగి. దాన్ని మడత పెట్టి, పెట్టెలో మనిషి పడుకున్నట్టు పడుకోబెట్టింది. మూత వేసి మేకులు కొట్టారు.

ఊరు ఊరంతా తల తిప్పి అత్తను చూసింది. గోడ వైపు ఎవరూ చూడటం లేదు. చేతిలో పల్లీలున్నవాళ్లు గుప్పిలి తెరవలేదు. సినిమా జనాన్ని కట్టిపడేసిందని ఆ అబ్బాయి మురిసిపోయి ఉంటాడు.

పెద్దమామ వెనక నుంచి అత్తతో అన్నాడు, కోపంగా కాదు, బతిమాలినట్టు. "చూసినవా అమ్మా. తెల్లదొరలు గూడ జేస్తరు. మనమే కాదు."

అవ్వ వేళ్లు అత్త మోకాలును పట్టుకున్నాయి. పెట్టె గుంటలోకి దిగింది. గోడ మీద ఏవో అక్షరాలు పడ్డాయి. జనం చాపలు దులుపుకుని లేచారు.

"బైఠో, బైఠో" అన్నాడు చాచా. "ఔర్ ఏక్ డబ్బా హై."

కూర్చున్నారు. మిగిలిన డబ్బా తిరిగింది. తలుపు చప్పుడైంది. ఆమె తీసింది.

ఆయన నిలబడి ఉన్నాడు. నిలువునా తడిసి, గడ్డం నుంచి నీళ్లు కారుతూ.

జనంలో ఒక్కసారి ఊపిరి పీల్చిన చప్పుడు. ఆయన లోపలికి వచ్చాడు, మూలన ఉన్న కుండ దగ్గరికి పోయాడు, ముంత ముంచుకుని నీళ్లు తాగాడు. ఆగకుండా తాగాడు. గొంతులో గుటక గుటకా కనిపించింది.

అవ్వ లేచి నిలబడింది. ఆమె తల నీడ గోడ మీద పడింది, ఆయన పాదాల దగ్గర. "తాగుతుండు" అంది. ఎవరితోనూ కాదు. "తాగుతుండు, నా బిడ్డ నీళ్లు తాగుతుండు."

ఎవరూ ఆమెను కూర్చోమనలేదు. ఆయన రొట్టె తిన్నాడు. ఆమె ఆయన తడి తల దువ్వింది. ఆయన అంగి విప్పి ఇస్తే, దీపం ముందు పెట్టుకుని మోచేతి చిరుగుకు అతుకు వేసింది. దారాన్ని పంటితో కొరికింది. గోడ తెల్లబడింది.

"అయిపోయిందా?"

"అయిపోయిందండి" అన్నాడు ఆ అబ్బాయి. "నేనూ ఇదే మొదటిసారి చూడటం. మధ్యలో ముగింపు అక్షరాలు వేశాడు చూశారా అండి, అది దర్శకుడి గొప్పతనం. మరణం ముగింపు కాదని చెప్పడం అన్నమాట."

ఆడవాళ్లు ఏడుస్తున్నారు. అవ్వ నవ్వుతోంది. నేను అత్తను చూశాను. ఆమె ఏడవలేదు, నవ్వలేదు. కనుబొమలు దగ్గరికి తెచ్చి, ఏమీ లేని తెల్ల గోడను ఇంకా చూస్తూనే ఉంది, సరుకులో ఏదో తేడా కనిపెట్టినట్టు.

*

ఆ తరువాత మా ఊళ్లో పనులు ఆగిపోయి అర్థం వెతుకుడు మొదలైంది. ఏదో దీవిలో దాక్కున్నాడని ఒకరు. వచ్చింది మనిషి కాదు, దయ్యమని ఒకరు. దయ్యమైతే రొట్టె ఎట్లా తింటుందని ఇంకొకరు. మంగలి తాత మాత్రం గడ్డం గీస్తూ గీస్తూ తేల్చేశాడు. "ఏం లేదురా. అవతలి కట్టన ఇంకో ఇల్లు పెట్టిండు. అక్కడ తన్నిండ్రు, ఇక్కడికొచ్చిండు."

పెద్దమామ ఇవేవీ వినలేదు. అమావాస్య ముందు రోజు పొద్దున్నే గడ్డి మోపు ఒకటి తెచ్చి అత్త వాకిట్లో దించాడు. వెంట నలుగురు పెద్దమనుషులు. బాపు కూడా ఉన్నాడు, తల వంచుకునే. మా అమ్మ నా చేయి పట్టుకుని గోడవార నిలబడింది. ఆమె గోళ్లు నా చేతిలో దిగాయి.

"ఆఖరుసారి అడుగుతున్న. అంగి ఇయ్యి."

అత్త ఇంట్లోకి పోయింది. జొన్నలు జరజరా కదిలిన చప్పుడు విన్నాను. అయిపోయిందనుకున్నాను. ఆమె అంగి పట్టుకుని బయటికొచ్చింది. గింజలు రాలుతున్నాయి. మోచేతికి అతుకు వేసి ఉంది. ఎప్పుడు వేసిందో ఎవరికీ తెలియదు.

పెద్దమామ చేయి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

"బావా, నువ్వు గూడ చూసినవ్ గద. అంగి పెట్టెల పెట్టి పాతిండ్రు. పాతినంక మనిషొచ్చిండు. రేపు ఈన వస్తే ఏం తొడుక్కుంటడు?"

"అది సినిమా అమ్మా."

"దొరలు గూడ జేస్తరని మొన్న నువ్వే అంటివి. అప్పుడు సినిమా కాదా?"

పెద్దమనుషుల్లో ఒకాయన దగ్గాడు. పెద్దమామ ముఖం ఎర్రబడింది. గడ్డి మోపు తాడు విప్పడానికి వంగాడు. అప్పుడు గడప మీద కూర్చున్న అవ్వ నోరు విప్పింది.

"ఆగు కొడకా. వాడు నీళ్లు తాగిండు. నేను కండ్లార చూసిన. మొన్నటి సంది నన్ను అడుగుతలేడు. ఇగ కాలవెట్టకు."

పెద్దమామ వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. తరువాత లేచి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. తల్లి దగ్గరికి పోయి కూర్చున్నాడు. గడప ముందు మట్టి పొడిగా ఉండటం ఆయన అప్పుడే చూసినట్టున్నాడు, చేత్తో తడిమాడు. గడ్డి మోపును సాయంత్రం బర్రె తిన్నది.

మామ రాలేదు. ఆ ఏడూ రాలేదు, ఏ ఏడూ రాలేదు. అవ్వ తరువాత కొన్నేళ్లు కమ్మగా నిద్రపోయి, ఒకనాడు నిద్రలోనే పోయింది. అత్త గాజులు ఎవరూ ముట్టలేదు. ఊరు రోడ్లయింది, సందు రోడ్డు కింద పోయింది, అత్త మా ఇంటికి వచ్చింది. రొట్టె ఒకటి ఎక్కువ చేయడం ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు. తిండి తగ్గితే తప్ప మనం గమనించం కదా, అప్పటికి నాకు పెళ్లయి వేరే చేతి రొట్టెలు మొదలయ్యాయి.

*

కారు ఎక్కగానే బిడ్డతో చెప్పాను. "ఇంట్ల ఈ సినిమా ముచ్చట తీయకు."

"ఎందుకు?"

"తీయకంటే తీయకు."

నేను అట్లా మాట్లాడటం దానికి అలవాటు లేదు. సిగ్నల్ దగ్గర నా వైపు చూసింది. ఐటీ పిల్లలు రోడ్డు దాటుతున్నారు, మెడల్లో కార్డులు ఊగుతున్నాయి. ఇన్నేళ్లూ ఒక మనిషి తలుపు చప్పుడైతే లేచి చూసింది. రేకు డబ్బా మీద ఒక కొంకి తేడాకు. అది ఇప్పుడు చెప్పాలా? చెప్పకుండా ఆమె పెట్టింది తినగలనా? కారు నడుపుతున్నాను కానీ గోపన్‌పల్లి రాకుండా ఉంటే బాగుండనిపించింది. ఆ దారిలో ఎప్పుడూ ఉండే ట్రాఫిక్కు ఆ రోజే లేదు.

అత్త సోఫాలో కాళ్లు ముడుచుకుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. గాజులు గలగలమంటున్నాయి.

"ఏం సినిమా చూపెట్టినవే మీ నాయినకు?"

"ఏం లేదు నానమ్మా, పాత సినిమా" అంది బిడ్డ. అబద్ధం దానికి చేతకాదు, నా పోలిక రాలేదు. "సముద్రం ఉంటది. ఒకాయన..."

నేను దగ్గాను.

"అంగి పాతుతరు. గదేనా?" అంది అత్త.

నేను ఆమె ఎదురుగా కింద కూర్చున్నాను. నోటికి జోకు ఒక్కటీ రాలేదు.

"అత్తా. మన బడికాడ ఏసినప్పుడు..."

"వరుస తప్పిండ్రు. ఎరుకే."

"ఎప్పటి సంది ఎరుక?"

"గోడ తెల్లవడ్డప్పటి సంది." ఈనె లాగి పక్కన పెట్టింది. "పాతిన అంగికి అతుకున్నది. ఇంటికొచ్చినోని అంగి చిరిగున్నది, ఆమె అప్పుడే ఏస్తున్నది. మరి ఏది ముందు? అతుకు కోసం అంగి ఆపుకున్నదాన్ని, నాకు తెల్వదా?"

"మరి అప్పుడు చెప్పలె?"

"ఎవలడిగిండ్రురా? అందరు అర్థం జెప్పెటోల్లే." నా ముఖం చూసి నవ్వింది. "ఎవరి అర్థం వాళ్లు తెచ్చుకోవాలె అన్నడు గద ఆ పిల్లగాడు. ముసలామెకు నిద్ర కావాలె. నాకు అంగి కావాలె. గది తెచ్చుకున్న."

"మామ వస్తడని నువ్వు..."

"రాడని ఎరుకే." ఈసారి చేయి ఆగింది. "లారీ తలుపు దొరికిందన్ననాడే ఎరుక. కని ఎరుకైనంత మాత్రాన గడ్డివెట్టి కాలుస్తరా? నా అంతల నేను విడువాలె. అమాసకో పున్నానికో ఇంకొకలు దినం పెడితే విడుస్తనా?"

బిడ్డ మా ఇద్దరి వంకా చూస్తోంది. దానికి సగమే తెలిసింది, అయినా కళ్లు నిండాయి. అదే అడిగింది. "మరి ఆ అంగి ఏది నానమ్మా?"

"నువ్వు పుట్టినప్పుడు బొంత కుట్టిన."

ఆ బొంత మాకందరికీ తెలుసు. పొత్తిళ్ల నుంచి మొదలుపెట్టి హాస్టలు దాకా దాన్ని ఈడ్చుకుపోయింది బిడ్డ. ఇప్పటికీ ఇంటి నుంచి పనిచేసే రోజు ఒళ్లో అది ఉండాలి, దాని మీద లాపుటాపు ఉండాలి. నేను దాన్ని ఎన్నిసార్లు ఉతికి ఆరేశానో. జ్వరం వచ్చిన రోజుల్లో దాంట్లో చుట్టి భుజం మీద వేసుకుని ఊపుతూ తిరిగాను. నా మీద మామ చేయి ఉందని నాకెవరూ చెప్పలేదు.

బిడ్డ లోపలికి పోయి తెచ్చింది. దీపం కింద పరిచి అటూ ఇటూ తిప్పి వెతికింది. పాత చీరలు, లుంగీ ముక్కలు, నా పెళ్లి ధోవతి అంచు. నీలం గళ్లు ఎక్కడా లేవు.

"గట్ల దొరకది" అంది అత్త, చిక్కుడుకాయల గిన్నె ఒళ్లోకి లాక్కుంటూ. "లోపలి పొరల ఉన్నది. అతుకు మాత్రం తలకాడికి ఏసిన, మెత్తగుంటదని."